1986 నాటి దినార్లకు ఇప్పటి రేటు కట్టవచ్చా?

మీ ప్రశ్న చదవగానే మా ఇంట్లో ఇదే విషయంపై నడిచిన పంచాయితీ గుర్తుకొచ్చింది. మీ మేనమామగారు 1986లో కువైట్ నుంచి పంపిన 900 దినార్లతో పొలం కొన్నారనీ, ఇప్పుడు పంపకాల దగ్గర ఆయన పిల్లలు దినారుకు 275 రూపాయల చొప్పున రెండున్నర లక్షలు అంటున్నారనీ రాశారు. ఆ లెక్క సరికాదు. ఆ ఏడాది దినారు విలువ సుమారు 43 రూపాయలు. అంటే ఊరికి చేరినది ముప్పై తొమ్మిది వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

ఈ 43 ఎలా వచ్చిందో మీరే వేసి చూసుకోవచ్చు. పాత దినారు, రూపాయి రేట్లు నేరుగా దొరకడం కష్టం. అందుకే డాలరు మీదుగా వెళ్లాలి. 1986లో డాలరుకు మన రూపాయలు సగటున 12.60. అదే డాలరుకు కువైట్‌లో సుమారు 290 ఫిల్స్. దినారుకు వెయ్యి ఫిల్స్ కాబట్టి వెయ్యిని 290తో భాగిస్తే 3.45 డాలర్లు. దాన్ని 12.60తో హెచ్చిస్తే 43 దాటుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు, దినారుకు వంద ఫిల్స్ అనుకుంటారు. డాలరు, రూపాయి పాత రేట్లు రిజర్వు బ్యాంకు ప్రచురణల్లో సంవత్సరాల వారీగా ఉంటాయి.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా నాన్న 1984 నుంచి 1990 వరకు కువైట్‌లో ఉన్నారు, జీతం నెలకు 70 దినార్లు. ఆయన పంపిన డబ్బుతో పెదనాన్న తన పేరున మూడెకరాలు కొన్నారు. తర్వాత మాట పెరిగినప్పుడు నేను ఇంట్లో పాత కాగితాలన్నీ తిరగేశాను. ట్రంకు పెట్టె అడుగున, నాన్న పాత పాస్‌పోర్టు అట్టలో డ్రాఫ్టు రసీదులు పదకొండు దొరికాయి. కార్బన్ రాత వెలిసిపోయి ఊదారంగు మరకలా మారింది. అయినా తేదీ, దినార్లు, రూపాయలు మూడూ కనిపిస్తున్నాయి. ఒక దానిలో 50 దినార్లకు 2,085 రూపాయలు ఉంది. దినారుకు 41 రూపాయల 70 పైసలన్నమాట. పట్టికలో సగటు ఎంత ఉన్నా మన మనిషికి అందినది ఇదే. డ్రాఫ్టు రూపాయల్లో తీసుకుంటే కొన్న రోజు రేటే ఖాయమవుతుంది. మన ఊరి బ్యాంకులో అది నెల తర్వాత జమ అయినా మొత్తం మారదు. మీ మామయ్య హుండీ ద్వారా, అంటే బ్యాంకుతో పని లేకుండా మనుషుల చేతుల మీదుగా పంపి ఉంటే మాత్రం రేటు వేరు. అది ఇంట్లో పెద్దలు చెబితేనే తెలుస్తుంది.

మీరు అడిగిన రెండో సంగతి, దినారు ఇంతగా ఎలా పెరిగిందన్నది. నిజానికి దినారు పెద్దగా పెరగలేదు. 1961లో కువైట్ సొంత దినారు తెచ్చేదాకా అక్కడ చెలామణి అయినది మన రూపాయే. దొంగబంగారం కొనుగోళ్ల వల్ల మన విదేశీ నిల్వలు కరిగిపోతున్నాయని, 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చు వేసింది కూడా. దినారు వచ్చినప్పుడు దాని విలువ ఒక బ్రిటిష్ పౌండు, అంటే మన 13 రూపాయల 33 పైసలు, డాలర్లలో 2.80. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించగానే ఒక్కసారిగా దినారు 21 రూపాయలైంది. 1991 జూలై మొదటి వారంలో రెండు విడతలుగా మళ్లీ తగ్గించారు. ఇన్నేళ్లలో డాలర్లతో పోలిస్తే దినారు 2.80 నుంచి కదిలినా నాలుగు లోపే ఉంది. మిగతాదంతా మన రూపాయి దిగిపోవడమే. 2007 నుంచి నేనూ అక్కడ లెక్కల పని చేశాను. చేరిన ఏడాది చివర దినారు 145 రూపాయల లోపు. 2013 ఆగస్టులో అది 240 దగ్గరికి వచ్చినప్పుడు, కువైట్ నగరంలోని మాలియా ప్రాంతంలో శుక్రవారం నాడు మనవాళ్లు అప్పు చేసి మరీ డబ్బు పంపడం చూశాను. నేనూ పంపాను. ఆ ఏడాదే మా ఇంటికి పైకప్పు వేశాం.

ఇంకో మాట. మీ మామయ్య 1990 ఆగస్టులో అక్కడే ఉండి ఉంటే, ఆ తర్వాతి ఏడు నెలలకు ఏ పట్టికలోని అంకెనూ నమ్మకండి. ఇరాక్ ఆక్రమణ తర్వాత కువైట్ దినారును ఇరాక్ దినారుతో సమానమని ప్రకటించి, తర్వాత చెలామణి నుంచే తీసేశారు. నాన్న జోర్డాన్ మీదుగా ఇంటికి చేరినప్పుడు ఆయన దగ్గర మూడు పది దినార్ల నోట్లు ఉన్నాయి. మా ఊరి బ్యాంకులో వాటికి రేటే లేదన్నారు. 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు తెచ్చి పాతవి మార్చుకోమన్నప్పుడు ఆయన గడువులోగా అక్కడికి చేరలేకపోయారు. ఆ నోట్లు మడత విప్పకుండా ఇప్పటికీ అమ్మ దగ్గర ఉన్నాయి.

పంపకం విషయానికి వస్తే, రేటు ఎంత సరిగ్గా కట్టినా అది పొలం విలువ చెప్పదు. మా దగ్గర పెద్దమనుషులు ఇలా తేల్చారు. కొన్నప్పుడు పొలానికి చెల్లించిన మొత్తంలో నాన్న డ్రాఫ్టుల రూపాయలు ఎంత భాగమో చూసి, ఇప్పటి పొలంలో అంత భాగం ఇచ్చారు. ముప్పావు వంతు వచ్చింది. దస్తావేజులో ధర తగ్గించి రాయడం మామూలే కాబట్టి అసలు ఇచ్చినదెంతో సాక్షి సంతకం చేసినవారిని అడిగారు. ముప్పై తొమ్మిది వేలేనా అని మీ బావలను చిన్నబుచ్చకండి. మా నాన్న జీతంతో చూస్తే 900 దినార్లు తిండి ఖర్చు కూడా తీయకుండా పదమూడు నెలల కష్టం.

ముందు మీ మామయ్య పెట్టెలు వెతకండి. రసీదుపై తేదీ, ఎన్ని దినార్లో కనిపిస్తే ఇక్కడ రాయండి, ఆ నెల రేటు చూసి లెక్క నేనే వేసి పెడతాను.