తోలు కాల్చారు సరే, పేగు కట్టారా?

పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: మా నాన్న కాలం నుంచి అనంతపురంలో ఆదివారాలు పంది మాంసం అమ్ముతున్నాం. వేడినీళ్ళు పోసి వెంట్రుకలు గీకి, ఆపైన గడ్డిమంటలో తోలు కాలుస్తాం. మొన్న మా దగ్గర మాంసం కొన్న ఒక ఇంట్లో ఎనిమిది మందికి వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. పరీక్షలో సాల్మొనెల్లా అని తేలిందట. పందికి ఏ జబ్బూ లేదు, తెల్లవారుజామున కోసిందే అమ్మాం. ఇంత కాల్చినా క్రిమి ఎలా బతికింది?

జవాబు: పందికి జబ్బు లేదన్న మీ మాటను నేను శంకించడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. పేగుల్లో సాల్మొనెల్లా ఉన్న పంది చాలాసార్లు మామూలుగానే మేత తింటుంది, బరువు పెరుగుతుంది, నడకలో ఏ తేడా కనిపించదు. కాళ్ళు కట్టి ఆటోలో పడేసి ఎండలో తెచ్చినప్పుడు ఆ బెదురుకు పేడలో క్రిమి ఎక్కువగా పడి, పక్కనున్న పందులకూ అంటుకుంటుంది.

మంట తోలు పైనున్న క్రిములను చాలావరకు చంపుతుందన్నది నిజమే. అయితే కాల్చిన తరువాత మసి పోవడానికి మళ్ళీ నీళ్ళు పోసి, అదే కత్తితో గీకుతారు కదా, ఆ నీళ్ళూ ఆ కత్తీ శుభ్రంగా లేకపోతే పని మొదటికొస్తుంది. వెంట్రుకలు ఊడదీసే నీళ్ళు కూడా 60 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్నంతసేపే మేలు చేస్తాయి. మూడో పందికి వచ్చేసరికి చల్లబడి, పేడ కలిసిన నీళ్ళు క్రిములను పంచిపెడతాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం పేగులు తీసే నిమిషంలో ఉంది. మలద్వారం చుట్టూ కత్తి తిప్పి పెద్దపేగు చివరను వదులు చేసిన వెంటనే, దానికి సంచి తొడిగి పురికొసతో బిగించి కట్టాలి. మన దగ్గర ఈ పని చేసేవాళ్ళను నేను అరుదుగా చూశాను. కట్టకుండా పేగులను ఒక్క గుంజుడుతో బయటికి లాగినప్పుడు వేలెడంత పేడ తొడ లోపలి వైపు జారుతుంది, పక్కనున్న కుర్రాడు భుజం మీది గుడ్డతో దాన్ని తుడిచేస్తాడు. మరక పోతుంది గాని క్రిమి పోదు. ఆ గుడ్డే తరువాత కార్జాన్నీ, మొద్దునూ, తక్కెడ పళ్ళేన్నీ తుడుస్తుంది. పేడ తగిలిన చోటును చుట్టూ కొంత కండతో సహా కోసి పారేయాలి. వంద గ్రాములు పోతాయని వెనుకాడేవారికి నేను చెప్పగలిగింది లేదు.

కోయడానికి సుమారు 12 గంటల ముందు మేత ఆపి, నీళ్ళు మాత్రం పెడితే పేగులు తేలికపడి సులువుగా చిట్లవు. కత్తులు రెండు ఉంచుకోండి. ఒకటి చేతిలో ఉంటే రెండోది 82 డిగ్రీల నీళ్ళలో ఉండాలి. బోటి కడిగే చోటు మొద్దుకు దూరంగా ఉండాలి. తలకాయను వేరే కత్తితో చివరన కోయండి, ఎందుకంటే పంది గొంతులోని టాన్సిళ్ళలో యెర్సీనియా అనే మరో బ్యాక్టీరియా కాపురముంటుంది, ఇది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో మధ్యాహ్నం దాకా మాంసాన్ని కొక్కేనికి వేలాడదీయడం ఎంత మాత్రమూ తగదు. ఆ వేడిలో కొన్ని క్రిములు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి.

ఇంత చెప్పినా తప్పంతా మీదేనని అనను. బాగా ఉడికిన కూరలో సాల్మొనెల్లా బతకదు. పచ్చి తునకలు కోసిన కత్తిపీట మీదే పెరుగుపచ్చడికి ఎర్రగడ్డలు తరిగితే, కూర ఎంత ఉడికినా ప్రయోజనం ఉండదు. పసుపు, ఉప్పు రాసి కడిగితే క్రిమి చస్తుందన్న నమ్మకాన్ని కూడా వదులుకోవలసిందే.

ప్రశ్న: కడప దగ్గర సీమపందులు పెంచుతున్నాం. పంది కోసేటప్పుడు మా ఆయన వేలికి గాయమై, నాలుగు రోజులకు ఊదారంగు వాపు, సలుపు మొదలయ్యాయి. తినకపోయినా పంది రోగం అంటుతుందా?

జవాబు: అంటుతుందమ్మా. మీరు రాసిన లక్షణాలు ఎరిసిపెలోథ్రిక్స్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే వాపును గుర్తు చేస్తున్నాయి. అదే అయితే పెన్సిలిన్‌కు లొంగుతుంది. పసరు కట్టి కాలయాపన చేయకుండా వైద్యుడికి చూపించండి. ఇదే దారిన, అంటే చేతి గాయం గుండా, స్ట్రెప్టోకోకస్ సూయిస్ అనే మరింత ప్రమాదకరమైన క్రిమి కూడా లోపలికి వెళుతుంది. 2005లో చైనాలోని సిచువాన్‌లో జబ్బుపడిన, చచ్చిన పందులను కోసిన రైతుల్లో 200 మందికి పైగా దీని బారిన పడగా 38 మంది మరణించారు. ఇది సోకి బతికినవారిలో చాలామందికి చెవుడు మిగులుతుంది. గాయం ఉన్నన్నాళ్ళు మీ ఆయనను కోత పనికి దూరంగా ఉంచండి, తరువాత కూడా చేతి తొడుగులు లేకుండా పంపకండి. జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, చెవి వినపడకపోవడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, పందుల పని చేస్తామన్న సంగతిని డాక్టరుకు అడగకముందే చెప్పండి.