బెంచీ మీద కూర్చునే గోలీకి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు కెనడాలో ఎడ్మంటన్‌లో ఉంటారు. పదమూడేళ్ల మనవడికి ఐస్ హాకీ పిచ్చి. గోలీగా, అంటే గోల్ కీపర్‌గా ఆడతాడు. ఈసారి జట్టులో వాణ్ని రెండో గోలీగా తీసుకున్నారట, సగం రోజులు బెంచీ మీదే. వాడేమో పెద్దయ్యాక ఇదే నా ఉద్యోగం అంటాడు. అల్లుడు మాన్పించేద్దాం అంటాడు. మధ్యలో మా అమ్మాయికి టెన్షన్. గోలు ముందు నిలబడే పనికి నిజంగా అంత భవిష్యత్తు ఉంటుందా? ఆ దెబ్బలు తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.
— ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ అల్లుడుగారి వైపు నుంచి మాట్లాడతాను. అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్ఎల్ అనే పెద్ద లీగులో 32 జట్లున్నాయి. మ్యాచ్‌కి జట్టుకు ఇద్దరేసి గోలీలు. అంటే ప్రపంచం మొత్తానికి 64 కొలువులు. అందులోనూ సగం మంది తలకి టోపీ పెట్టుకుని బెంచీ చివర కూర్చుంటారు. తోటివాళ్లు మంచు మీదికి వెళ్లి వస్తుంటే వాళ్లకి తలుపు తీసి వేస్తుంటారు. దానికి తోడు ప్యాడ్లు, గ్లౌజులు, మాస్కు, స్కేట్లు అన్నీ కలిపి వేల డాలర్లవుతాయి. ఎదిగే పిల్లాడికి అవి రెండేళ్లు కూడా సరిపోవు. ఆయన భయం న్యాయమైనదే.

కానీ రెండో గోలీ అయ్యాడని మాన్పించడం మాత్రం సరికాదు. మిగతా ఆటగాళ్లు పద్దెనిమిది మంది వంతులవారీగా దిగుతారు కాబట్టి కొత్త కుర్రాణ్ని కాసేపు ఆడించి చూడొచ్చు. గోలీకి ఆ వీలు లేదు. వల ఒక్కటే. ముందున్నవాడు తప్పుకునేదాకా వెనకున్నవాడి సత్తా ఎవరికీ తెలియదు.

నేను తొంభైల్లో అమెరికాలోని బఫెలోలో ఉద్యోగం చేశాను. ఆ ఊళ్లో చలికాలం చేయడానికి వేరే పనేముంటుంది, హాకీ అంటించుకున్నాను. అక్కడి జట్టు సేబర్స్‌కి డొమినిక్ హాషెక్ అని ఒక గోలీ. చెకోస్లొవేకియాలోని పార్దుబిత్సె వాడు. 1983లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో షికాగో జట్టు అతన్ని ఎంచుకుంది, 199వ పేరుగా. అమెరికా వచ్చింది మాత్రం 1990లో, ఇరవై అయిదేళ్ల వయసులో. అప్పటికే స్వదేశంలో పెద్ద పేరు. అయినా షికాగోలో ఎడ్ బెల్ఫోర్ వెనక కూర్చోబెట్టారు, కొన్నాళ్లు ఇండియానాపొలిస్‌లోని చిన్న జట్టుకి పంపారు. 1992లో బఫెలోకి ఇచ్చేశారు. ఇక్కడా కొన్నాళ్లకి గ్రాంట్ ఫ్యూర్ అనే మహామహుడు వచ్చి చేరాడు. మళ్లీ వెనక కుర్చీయే.

1993-94లో ఫ్యూర్ మోకాలికి దెబ్బ తగిలింది. ఆ సీజన్‌లో హాషెక్ మ్యాచ్‌కి సగటున 1.95 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. రెండుకి లోపు సగటు అంతకు ముందు ఇరవై ఏళ్లలో ఎవరికీ లేదు. అప్పటికి అతనికి ఇరవై తొమ్మిది.

1994 ఏప్రిల్ 27న న్యూజెర్సీతో ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ దశ) మ్యాచ్‌కి పాత ఆడిటోరియంలో ఆరెంజ్ సీట్లలో ఉన్నాను. అవి అన్నిటికంటే పైన, అన్నిటికంటే చవక. స్కోరు 0-0 దగ్గరే ఆగిపోయింది. ఒక ఓవర్‌టైమ్, రెండు, మూడు. అతని ఆటలో పద్ధతంటూ కనిపించేది కాదు. కర్ర వదిలేసి అదే చేత్తో పక్‌ని (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) మంచు మీదికి నొక్కేసేవాడు. గట్టున పడ్డ కొర్రమీనులా వెల్లకిలా దొర్లి కాళ్లు పైకి లేపేవాడు, పక్ వచ్చి ఆ కాళ్లకే తగిలేది. అదృష్టం అనుకుంటాం కానీ డెబ్భై సార్లు అదృష్టం కలిసిరాదు. ఆ రాత్రి అతను ఆపినవి అక్షరాలా 70. నాలుగో ఓవర్‌టైమ్‌లో మనవాళ్లు (అవును, నాకు వాళ్లు మనవాళ్లే) ఒక్క గోల్ కొట్టారు. అప్పటికి రాత్రి రెండు కావస్తోంది. ఇంత చేసీ, తర్వాతి మ్యాచ్ ఓడి ఇంటిముఖం పట్టారు.

అక్కణ్ణుంచి అతనికి తిరుగులేదు. ఉత్తమ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ ఆరుసార్లు గెలిచాడు. మొత్తం లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ 1997, 1998లో వరసగా తీసుకున్నాడు, రెండుసార్లు అందుకున్న గోలీ మరొకరు లేరు. 1998 నగానో ఒలింపిక్స్‌లో చెక్ దేశానికి ఆడుతూ, సెమీస్‌లో కెనడావాళ్లు షూటౌట్‌లో (స్కోరు సమమైతే ఒక్కొక్కరే వచ్చి గోలీ మీద కొట్టే పద్ధతి) అయిదుగురు వస్తే అయిదుగురినీ ఆపాడు. ఫైనల్లో రష్యా మీద 1-0, స్వర్ణం. మీ మనవడికి ఇంకో సంగతి చెప్పండి: 2008లో అతని అప్పటి జట్టు డెట్రాయిట్, లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన రోజున హాషెక్ ఎక్కడున్నాడో తెలుసా? బెంచీ మీద. ప్లేఆఫ్స్ మొదట్లోనే స్థానం పోయింది. ఆ తర్వాత సొంత ఊరెళ్లి నలభై అయిదేళ్ల వయసులో చెక్ లీగు గెలిపించాడు.

చదువు సంగతి. హాషెక్ టీచరుగా చదువుకున్నవాడు. మాంట్రియల్ గోలీ కెన్ డ్రైడెన్ అయితే 1973-74 సీజన్ మొత్తం మానేసి లా ఫర్మ్‌లో శిక్షణకి వెళ్లాడు, తిరిగొచ్చి మళ్లీ కప్పులు గెలిచాడు. కాబట్టి పుస్తకాలు అటకెక్కించాల్సిన పని లేదు. ఈ మాట వాడికి మీరే చెప్పండి, అమ్మమ్మ చెబితే వింటారు.

దెబ్బల భయం కొంత వదులుకోండి. 1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో జాక్ ప్లాంట్ అనే గోలీ మొహం మీద పక్ తగిలి చీరుకుపోయింది. కుట్లు వేయించుకొచ్చి, మాస్కు లేకుండా దిగనని కోచ్‌కి తెగేసి చెప్పాడు. నెమ్మదిగా అందరూ అదే బాట పట్టారు. ఇప్పటి గోలీలకి మొహం కంటే తుంటి, గజ్జలతోనే బాధ, మాటిమాటికీ మోకాళ్ల మీద పడి లేవాలి కదా. అల్లుడుగారు కోచ్‌ని రెండే అడగాలి: పిల్లాడికి ఎన్ని మ్యాచ్‌లు ఇస్తారు, గోలీలకి విడిగా నేర్పేవాళ్లున్నారా. రెండిటికీ సరైన జవాబు రాకపోతే జట్టు మార్చండి, ఆట మాన్పించకండి.

ప్రశ్న: రెండో గోలీకి కూడా దెబ్బ తగిలితే?
— ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఎన్‌హెచ్ఎల్‌లో చాలా ఏళ్లు స్టేడియంలో సిద్ధంగా ఉన్న బయటివాణ్ని దించేవారు. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో కరొలైనా జట్టుకి సరిగ్గా అదే జరిగింది. దిగింది డేవిడ్ ఐర్స్, నలభై రెండేళ్లవాడు, అదే ఊళ్లో రింక్ మంచు చదును చేసే బండి నడిపినవాడు, తల్లి ఇచ్చిన కిడ్నీతో బతుకుతున్నవాడు. వచ్చిన మొదటి రెండు షాట్లూ గోలయ్యాయి. ఆ తర్వాతి ఎనిమిదీ ఆపాడు. కరొలైనా 6-3తో గెలిచింది. టొరంటో అభిమానుల మొహాలు మాత్రం చూడాలి!