సమాధానం: క్రీపింగ్ ఫ్లాక్స్ మధ్యలో ఎండిపోతోంది

న్యూజెర్సీలో ఇంటి ముందు వాలులో వేసిన క్రీపింగ్ ఫ్లాక్స్ (నేలమీద చాపలా పరుచుకుని వసంతంలో పూసే మొక్క) మూడో ఏడాదికి మధ్యలో గోధుమ రంగుకు తిరిగిందని, పూలు అంచుల్లోనే పూశాయని రాశారు. టెన్షన్ పడకండి. తెగులు కాకపోవచ్చు. ఈ మొక్క ముదిరేకొద్దీ మధ్య కాడలు కట్టెబారతాయి, కత్తిరించకుండా వదిలేస్తే మరీ త్వరగా.

మే నెలలో పూత అయిపోగానే మూడో వంతు కత్తిరించండి. పచ్చటి ఆకులున్నంత మేరకే. ఉత్త కట్టెలోకి కోస్తే మళ్ళీ చిగురించడం కష్టం. అక్టోబరులో మాత్రం కత్తెర పట్టకండి, వచ్చే వసంతం పూత పోతుంది.

ఖాళీ పడిన చోటికి కొత్త మొక్కలు కొనక్కర్లేదు. అంచు కాడల్ని మెల్లగా ఎత్తి చూడండి, నేలకు ఆనిన చోట తెల్లటి సన్నని వేళ్లు కనిపిస్తాయి. వేళ్లతో సహా కోసి, 30-45 సెంటీమీటర్ల ఎడంలో నాటి, నాటుకునేదాకా తడి ఆరనివ్వకండి.

పాత మొక్కలకు రోజూ నీళ్ళు పోస్తున్నానన్నారే, అది ఆపండి. మన ఇళ్లలో తులసికి పోసే అలవాటు దీనికి పనికిరాదు! కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల ఉంటే చాలు. మల్చ్ (నేలమీద కప్పే చెక్కపొట్టు, ఆకుల పొర) కూడా కాడల మీదికి రానివ్వకండి, కుళ్ళిపోతాయి.