తిండి పెట్టే చోటు ఉన్నా వీధిలోనే ఎందుకు బతికారు?

ప్రశ్న: పాత ఇంగ్లిష్ నవలల్లో లండన్ వీధుల నిండా చిరుగుబట్టల మనుషులే కనిపిస్తారు. ప్రభుత్వం వర్క్‌హౌస్‌లు (పేదల్ని ఉంచి పని చేయించుకునే ఇళ్లు) పెట్టి తిండి పెట్టేదంటారు కదా, మరి అక్కడికి ఎందుకు పోలేదు? ఒళ్లొంచడం ఇష్టం లేకనా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒళ్లొంచకపోవడమా! వాళ్లు చేసిన చాకిరీ తెలిస్తే కడుపు తరుక్కుపోతుందండి. 1849లో హెన్రీ మేహ్యూ అనే జర్నలిస్టు ‘మార్నింగ్ క్రానికల్’ పత్రిక కోసం లండన్ పేదల దగ్గరికి వెళ్లి, వాళ్ల సంపాదన ఎంతో పెన్నీలతో సహా అడిగి రాయడం మొదలుపెట్టాడు. థేమ్స్ నదిలో నీళ్లు వెనక్కి తగ్గగానే పిల్లలు, ముసలమ్మలు వట్టి కాళ్లతో బురదలోకి దిగేవాళ్లు. పడవల మీంచి జారిన బొగ్గు, తాడు ముక్కలు, ఎముకలు, ఇనప తుక్కు ఏది దొరికితే అది ఏరి పాత కెటిల్‌లో వేసుకునేవాళ్లు. కాలికి గాజుపెంకు దిగితే ఇంటికెళ్లి గుడ్డ కట్టుకుని మళ్లీ అదే బురదలోకి. ఇంతా చేసి 14 పౌండ్ల (ఆరు కిలోల పైచిలుకు) బొగ్గు అమ్మితే వచ్చేది ఒక్క పెన్నీ, కొనేదీ చుట్టుపక్కల పేదలే. ఇంకొందరు వీధుల్లో కుక్కల పెంట ఎత్తి బకెట్ల లెక్కన లండన్‌లోనే బెర్మాండ్సీ అనే పేటలోని ట్యానరీలకు (తోలు శుద్ధి చేసే చోట్లకు) అమ్మేవాళ్లు. గ్లవ్స్‌కి, పుస్తకాల అట్టలకి వాడే మెత్తటి తోలుని శుద్ధి చేసేది దాంతోనే.

ఇక వర్క్‌హౌస్ సంగతి. 1834లో వచ్చిన పేదల చట్టం ఉద్దేశమే, లోపలి బతుకు బయటి కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలని. గడప తొక్కిన రోజే మొగుడు ఒకవైపు, పెళ్లాం ఒకవైపు, పిల్లలు ఇంకోవైపు. సొంత బట్టలు తీసేసుకుని యూనిఫాం ఇస్తారు, ఓడల్లో వాడిన పాత తాళ్లు వేళ్లు పుండ్లు పడేలా పీచు తీయిస్తారు. పిల్లల్ని దూరం చేసుకుని తినే ఆ తిండి ఏ తల్లికి గొంతు దిగుతుంది? బయట పడుకుందామన్నా 1824 నాటి చట్టం కింద అది నేరం, అందుకే రోజంతా ఏరి సంపాదించిన పెన్నీలు రాత్రికి సత్రంలో మంచానికే పోయేవి.

చాలా ఏళ్ల తర్వాత, 1909 జనవరి నుంచి బ్రిటన్‌లో 70 ఏళ్లు దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగుల దాకా పింఛను మొదలైంది. అందులోనూ, అంతకుముందు ఏడాది వర్క్‌హౌస్‌లో చేరినవాళ్లని పక్కన పెట్టేశారు, వాళ్లు 1911 దాకా ఆగాల్సి వచ్చింది.