‘మూడ్ లేదు’ అన్నాక ఇంకో మాట

ప్రశ్న: పెళ్లయి ఐదేళ్లు. ఏదైనా మాట్లాడదామంటే మావారు ‘ఇప్పుడు మూడ్ లేదు’ అంటారు. నేను కాస్త ముభావంగా ఉంటే మాత్రం ‘నువ్వు ఉత్త మూడీవి’ అంటారు. వాదించలేక నోరు మూసుకుంటున్నాను. తప్పు నాదేనా?

జవాబు: ఒకే మాట ఆయనకు సెలవు చీటీ అయింది, మీకు ముద్ర అయింది. మనసు కష్టపడటంలో మీ తప్పేమీ లేదమ్మా.

మూడ్ అంటే ఆ పూట మనసున్న తీరు. కోపం ఫలానా మనిషి మీద, ఫలానా సంగతి మీద వస్తుంది, చాలాసార్లు కాసేపట్లో చల్లారుతుంది. మూడ్ ముసురు లాంటిది. గంటలు, ఒక్కోసారి రోజులు పట్టి ఉంటుంది, ఎందుకని అడిగితే చెప్పలేం. వెనక నిద్ర చాలకపోవడం ఉండొచ్చు, ఆకలి, హార్మోన్లు, తెమలని పని ఏదైనా ఉండొచ్చు. కాబట్టి ఆయన సాకులు చెబుతున్నారని ముందే తీర్మానించకండి. ‘మూడీ’ మాత్రం వేరే మాట. వచ్చిపోయే స్థితిని అది మనిషి గుణంగా మార్చేస్తుంది. అందుకే గుచ్చుకుంటుంది.

అలసట, అలక, బెంగ, చిరాకు, భయం... మనకు ఇన్ని మాటలుండగా అన్నిటినీ ‘మూడాఫ్’ కింద కప్పేస్తున్నాం. దాంతో అవతలివాళ్లకు ఏం చేయాలో తోచదు. అలసటైతే వదిలేయాలి, అలకైతే దగ్గర కూర్చోవాలి.

ఆయన తేలిగ్గా ఉన్న పూట చూసి ఇలా అడగండి: ‘మూడ్ లేదంటే ఆగుతాను. కానీ అలసటా, నా మీద కోపమా, అది చెప్పండి. మళ్లీ ఎప్పుడు మాట్లాడదామో కూడా చెప్పండి.’ ఆ ‘ఎప్పుడు’ ముఖ్యం. నెలల తరబడి అది రాకపోతే ఇక మూడ్ మాట కాదు, తప్పించుకోవడమే. అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ను కలవండి. ఒక్క మినహాయింపు: పడకగది విషయంలో మూడ్ లేదని ఇద్దరిలో ఎవరన్నా, అంతటితో ఆగాలి. అక్కడ కారణం అడిగి విసిగించకూడదు.

మీలో గానీ ఆయనలో గానీ రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. అది డిప్రెషన్ కావచ్చు, చికిత్స ఉంది.

ఇక మీ ముభావం సంగతి. నోరు మూసుకున్న రోజున లోపల ఉన్నది బాధా, అవమానమా, ఒంటరితనమా? ముందు కాగితం మీద రాసుకోండి. ఆ మాట దొరికాక ఆయనకు చెప్పండి.