చిన్న దేశాలు వాతావరణ హామీలు పెంచితే ఏమైనా మారుతుందా? మారిషస్‌లో నేను చూసింది

ప్రపంచ ఉద్గారాల్లో (భూమిని వేడెక్కించే వాయువుల్లో) లెక్కకే రాని దేశాలు వాతావరణ హామీలు పెంచితే ఎంత, పెంచకపోతే ఎంత అని అడిగారు. నేను పశ్చిమ గోదావరిలో చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి, తర్వాత కొన్నేళ్లు హిందూ మహాసముద్రంలోని చిన్న దీవి దేశం మారిషస్‌లో చక్కెర మిల్లు పక్కనే ఉన్న పవర్ ప్లాంట్‌లో బాయిలర్ విభాగంలో ఉన్నాను. అందుకే ఆ దేశం సంగతే ఎక్కువగా చెప్తాను.

2015 పారిస్ వాతావరణ ఒప్పందం ప్రకారం ప్రతి దేశం ఉద్గారాలు ఎంత తగ్గిస్తుందో ఐదేళ్లకోసారి కొత్త హామీ ఇవ్వాలి. అది పాతదానికంటే మెరుగ్గా ఉండాలి. అంకె ఎంతన్నది ఆ దేశమే నిర్ణయించుకుంటుంది, అందుకోలేకపోతే జరిమానా ఏమీ లేదు.

మారిషస్ మొదట 2030 నాటికి 30% తగ్గిస్తామంది. 2021లో దాన్ని 40%కి పెంచింది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఏ చర్యా తీసుకోకుండా ఇలాగే సాగితే 2030లో ఎంత ఉంటుందో అంచనా కట్టి, దానికంటే 40% తక్కువ అని దీని అర్థం. పసిఫిక్‌లోని మార్షల్ దీవులు అలా అంచనాతో పోల్చలేదు. 2010లో నిజంగా ఉన్న ఉద్గారాల మీద 2035కి 58% తగ్గిస్తామన్నాయి. నా దృష్టిలో ఇదే గట్టి హామీ.

మారిషస్ ఇంకో రెండు మాటలు కూడా ఇచ్చింది: 2030కల్లా కరెంటులో 60% పునరుత్పాదక వనరుల నుంచి రావాలి, బొగ్గు పూర్తిగా ఆగాలి. మా ప్లాంట్‌లో అసలు టెన్షన్ దీనితోనే. సుమారు జూన్ నుంచి డిసెంబర్ దాకా, చెరకు ఆడినన్నాళ్లూ పిప్పి కాలుస్తాం. సీజన్ అయిపోగానే అదే బాయిలర్‌లో దిగుమతి చేసుకున్న బొగ్గు. బొగ్గు ఆపేస్తే మిగతా నెలల్లో ఏం కాల్చాలి? మనకైతే పక్క రాష్ట్రం నుంచి లైన్ ఉంటుంది, సముద్రం మధ్య దీవికి అదీ లేదు. సోలార్ పగలు బాగానే ఇస్తుంది కానీ సాయంత్రం లోడ్‌కి బ్యాటరీలు కావాలి. పైగా తుఫాన్లు ఎక్కువగా వచ్చేది చెరకు లేని ఆ నెలల్లోనే. చెక్క ముక్కలు కాల్చి చూశాం. తడిగా ఉన్నవి వస్తే బాయిలర్‌లోకి పంపే ఫీడర్‌లోనే ఇరుక్కుపోయేవి.

అసలు పిప్పే తగ్గిపోతోంది. అప్పట్లో మారిషస్ చక్కెర ఎక్కువగా కొనే యూరోపియన్ యూనియన్ 2006 నుంచి తన చక్కెర ధరను దశలవారీగా 36% కోసేసింది. ఆ దెబ్బకి చిన్న రైతులు చాలామంది చెరకు వదిలేశారు. అక్కడి తెలుగువాళ్ల పూర్వీకులు చాలావరకు చెరకు తోటల్లోకి కూలీలుగా వెళ్లినవాళ్లే. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. పండక్కి మమ్మల్ని భోజనానికి పిలిచిన పెద్దాయన కూడా పొలం బీడు పెట్టేశారు. కోతకు మనుషులు దొరకట్లేదు బాబూ, వచ్చేది ఖర్చుకే సరిపోవట్లేదు అన్నారు. పిప్పికిచ్చే ధరను ప్రభుత్వం పెంచింది, అది మంచి పనే. అయినా ఇటీవలి సంవత్సరాల్లో పునరుత్పాదక కరెంటు ఐదో వంతు దగ్గరే ఆడుతోంది. 2030కి 60% అందుతుందని నేను అనుకోవట్లేదు.

అలాగని అది ఉత్తుత్తి హామీ అనను. 2021 హామీ పత్రంలో ఖర్చు కూడా రాశారు: మొత్తం సుమారు 650 కోట్ల డాలర్లు, అందులో 35% మేం పెట్టుకుంటాం, 65% బయటి నుంచి రావాలి అని. మాల్దీవులూ 2020లో ఇలాగే చెప్పాయి: 26% తగ్గిస్తాం, తగిన సాయం అందితే 2030కే నెట్ జీరోకి (వదిలే ఉద్గారాలు, తొలగించేవి సమానమయ్యే స్థితికి) ప్రయత్నిస్తాం అని. దీన్ని చేయి చాచడం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ప్రపంచ ఉద్గారాల్లో మారిషస్ వాటా 0.01% దగ్గర. సముద్రం పైకొస్తే తీరం పోయేది మాత్రం వాళ్లదే.

ఇక మీరడిగిన "ఎంత" సంగతి. కొత్త హామీలకు గడువు 2025 ఫిబ్రవరి 10. చాలా దేశాలు దాన్ని దాటేశాయి. మార్షల్ దీవులు, కరీబియన్‌లోని సెయింట్ లూసియా లాంటి కొన్ని చిన్న దేశాలు మాత్రం సమయానికి ఇచ్చాయి. పసిఫిక్ దీవి దేశం వనువాటు చొరవతో ఐరాస అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అభిప్రాయం అడిగింది. హామీలో ఏం రాయాలన్నది పూర్తిగా దేశాల ఇష్టం కాదని, చేయగలిగినంత గరిష్ఠంగా ఉండాలని ఆ కోర్టు 2025 జులైలో చెప్పింది. అది సలహా అభిప్రాయమే, కానీ రేపు పెద్ద దేశాల మీద వేసే కేసుల్లో లాయర్లు చూపించేది దాన్నే. ఇక డబ్బు విషయంలో నేను కోరుకునేది ఒక్కటే: మారిషస్‌లో బొగ్గు బాయిలర్లు మార్చడానికి వచ్చే సొమ్ము అప్పుగా కాక గ్రాంటుగా రావాలి. అప్పయితే ఆ భారం చివరికి కరెంటు బిల్లుల మీదే పడుతుంది.