చుక్కలు గీయకు, జాబితా అని చెప్పు: ఒక యువ రచయితకు లేఖ

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

దేవరకొండ నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. మన ఊరి పేరుతోనే లోకానికి తెలిసిన నల్లగొండ పద్ధతి, అంటే నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే శుద్ధి పద్ధతి మీద రాయాలని నీకు తోచినందుకు సంతోషించాను. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన ఎముకల గురించి రాసినవాళ్లు నా ఎరుకలో చాలామంది ఉన్నారు గానీ, నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఏ పని చేస్తాయో ఇంటి ఇల్లాలికి అర్థమయ్యేటట్టు చెప్పినవాళ్లు కొద్దిమందే. విషయం మీద నాకు అభ్యంతరం లేదు. దాన్ని తెర మీద పేర్చిన తీరు గురించే ఈ ఉత్తరం.

కావలసిన పదార్థాలను నువ్వు ఒక్కొక్క అడ్డగీత కొట్టి రాశావు, చేసే పనికి అంకెలు చేత్తో వేశావు, లాభాలు చెప్పేచోట పచ్చరంగు టిక్కు బొమ్మలు పెట్టావు, వరుసకూ వరుసకూ నడుమ జాగా కోసం, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలో వరుసను విరిచే బీఆర్ గుర్తును రెండేసి సార్లు వాడావు. నీ కంప్యూటర్ మీద అది ముచ్చటగానే కనిపించి ఉంటుంది. నేను దాన్ని ఫోనులో తెరిచాను. "సున్నం" అని మొదలైన వాక్యం రెండో వరుసకు దిగగానే అడ్డగీత కిందికి జారిపోయింది, కింది పదార్థం ఎక్కడ మొదలవుతున్నదో కనుక్కోవడానికి నేను కళ్లద్దాలు సవరించుకోవలసి వచ్చింది. అడ్డగీత కొడితే జాబితా వంటి బొమ్మ తయారవుతుంది తప్ప జాబితా తయారు కాదు. బ్రౌజరు దృష్టిలో నీ పదార్థాలన్నీ కలిసి ఒకటే పేరా.

ఇక్కడ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటే: వీటి వరుస మార్చితే అర్థం మారుతుందా? పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ అని రాసినా, సున్నాన్ని ముందు రాసినా అంగట్లో కొనేవాడికి తేడా లేదు. కాబట్టి అది హెచ్‌టీఎంఎల్‌లో యూఎల్ అనే గుర్తు, అంటే వరుస పట్టింపు లేని జాబితా. నీళ్లలో ఇవి వేసి మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి, మడ్డి అడుగుకు చేరేదాకా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని తీసుకునే పనిలో ఒక మెట్టు అటు ఇటైతే కుండలో మిగిలేది బురదనీళ్లే. కాబట్టి అది ఓఎల్, అంటే వరుస పట్టింపు ఉన్న జాబితా. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ అనే పేర్లను బస్సు ఎక్కేవాడి కోసం రాస్తే ఓఎల్‌లో పెట్టాలి. అవే ఊళ్లను సంత జరిగే ఊళ్లుగా చెప్పదలిస్తే యూఎల్ చాలు. పేర్లు అవే, వాటి నడుమ చుట్టరికం వేరు. ఆ చుట్టరికం తేల్చుకున్న తరువాతనే జాబితాలోని అంశాన్ని చూపే ఎల్ఐ గుర్తుల మధ్య ఒక్కొక్క అంశాన్ని రాయి.

ఈ తేడా నిన్న మొన్న పుట్టింది కాదు. 1991లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ వివరించిన తొలి కొద్ది గుర్తుల్లోనే యూఎల్, ఎల్ఐ, పదానికి అర్థం చెప్పే డీఎల్ ఉన్నాయి. ఓఎల్ ఆ పట్టికలో లేదు. 1995లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లో కనిపిస్తుంది. డీఎల్‌ను మనవాళ్లు దాదాపు మరిచిపోయారు. నీ వ్యాసం చివర గెట్టు అంటే పొలం హద్దు, కైకిలి అంటే కూలి, ఇగురం అంటే నేర్పు అని పరాయి జిల్లా పాఠకుల కోసం ఇచ్చిన మాటలపట్టీకి అదే తగినది: మాటను డీటీలో, అర్థాన్ని డీడీలో పెట్టు.

అంకెలు చేత్తో వేయవద్దని అనడానికి నా దగ్గర ఒక సొంత కథ ఉంది. చాలా ఏళ్ల కింద సర్వపిండి చేసే విధానం రాస్తూ 1 నుంచి 9 దాకా అంకెలు నేనే వేశాను. అచ్చుకు ముందు రాత్రి, శనగపప్పు నానబెట్టే మాట మరిచిపోయానని గుర్తొచ్చి దాన్ని రెండో మెట్టుగా ఇరికించి, కింది అంకెలన్నీ దిద్దాను. అయితే లోపల ఒకచోట "5లో చెప్పినట్టు వేలితో బొక్కలు పెట్టి నూనె చుక్కలు వేయాలి" అని ఉన్న మాటను దిద్దలేదు. కొత్త వరుసలో 5 అంటే పిండి కలపడం. పిండి ముద్దకు బొక్కలు పొడిచి నూనె పోసిన ఒక అక్క నాకు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది, దాన్ని ఇక్కడ ఎత్తి రాయడం మర్యాద కాదు. ఓఎల్ వాడి ఉంటే అంకెలు వాటంతట అవే సర్దుకునేవి. "5లో చెప్పినట్టు" అనే మాటను మాత్రం ఏ ఓఎల్ దిద్దదు గనుక, అటువంటి చోట మెట్టు పేరుతోనే చెప్పడం నేర్చుకున్నాను. మధ్యలో ఒక పేరా రాసి మళ్లీ 4 నుంచి మొదలుపెట్టాలంటే స్టార్ట్ అనే లక్షణం ఉంది, ఒక్క అంశానికే వేరే అంకె ఇవ్వాలంటే వాల్యూ ఉంది, పెద్ద అంకె నుంచి కిందికి దిగాలంటే రివర్స్‌డ్ ఉంది.

జాబితాలో జాబితా పెట్టేటప్పుడు నువ్వు చేసిన తప్పు దాదాపు అందరూ చేసేదే. 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరిగా విడిపోయింది. పాత మహబూబ్‌నగర్ నుంచి అదే రోజు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వచ్చింది. దీన్ని రాస్తూ నువ్వు "పాత నల్లగొండ" అన్న ఎల్ఐని మూసేసి, ఆ తరువాత లోపలి యూఎల్ తెరిచావు. అలా చేస్తే లోపలి జిల్లాలు ఎవరి పిల్లలో ఆ గుర్తులను బట్టి చెప్పలేము. యూఎల్‌కు నేరుగా బిడ్డలు కాదగినవి ఎల్ఐలే గనుక, లోపలి యూఎల్ మొత్తం "పాత నల్లగొండ" అనే ఎల్ఐ కడుపులోనే తెరుచుకుని అక్కడే మూసుకోవాలి, ఆ తరువాతనే పెద్ద ఎల్ఐ మూయాలి.

ఇప్పుడు మన భాషకే ప్రత్యేకమైన చిక్కు చెప్తాను, దీన్ని జాగ్రత్తగా చదువు. ఇంగ్లీషులో క్రియ ముందే వస్తుంది, కాబట్టి సగం వాక్యం రాసి రెండు చుక్కలు పెట్టి జాబితా తగిలించినా చదివేవాడు ఆగడు. తెలుగులో క్రియ చివరికి వస్తుంది. "ఈ పనికి ఇంట్లో" అని రాసి, కింద మూడు పదార్థాలు పేర్చి, ఆ కింద ఒంటరిగా "ఉండాలి" అని వదిలావు. ఆ "ఉండాలి" పెండ్లి అయిపోయాక పందిరి కింద మిగిలిపోయిన చుట్టంలా నిలబడింది. జాబితాకు ముందు వాక్యాన్ని క్రియతో సహా ముగించు: "ఈ పనికి కావలసినవి ఇవి." అంశాల చివరి క్రియలు కూడా ఒకే తీరుగా ఉండాలి. నీ మెట్లలో ఒకటి "కలపాలి" అని, ఒకటి "ఆగండి" అని, ఇంకొకటి "వడగట్టడం" అని ముగిసింది. మూడూ తప్పులేని తెలుగే గానీ, మెట్టు మెట్టుకూ మాట్లాడేవాడు మారినట్టు వినిపిస్తుంది. విధి చెప్పదలిస్తే అన్నింటా "ఆలి" పెట్టు, మర్యాదగా అడగదలిస్తే అన్నింటా "అండి" పెట్టు. పదార్థాల జాబితాలో మాత్రం క్రియే అక్కరలేదు.

రూపం సంగతికి వస్తే, అది పేజీ రంగూ రూపూ చెప్పే సీఎస్ఎస్ భాష పని, చివరి పని. లోపలికి జరిగే జాగా గురించి నువ్వు అడిగావు. బ్రౌజర్లు మామూలుగా జాబితాకు ఎడమవైపు 40 పిక్సెళ్ల జాగా వదులుతాయి. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోనులో మూడు అంతస్తుల జాబితా అంటే 120 పిక్సెళ్లు, తెరలో మూడో వంతు, ఉత్త జాగాకే పోతుంది. మిగిలిన సందులో "తేరుకుంటున్నప్పటికీ" వంటి మన పొడుగు మాటలు ఒక్కొక్క వరుసకు ఒక్కొక్కటే పట్టి, జాబితా నిచ్చెనలా సాగుతుంది. నేనైతే ఆ జాగాను ఒకటింపావు ఈఎమ్‌కు (ఈఎమ్ అంటే అక్షరం సైజును బట్టి ఉండే కొలత) తగ్గిస్తాను, రెండు అంతస్తులు దాటనివ్వను. వరుసల ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్ల కంటే తక్కువ ఉంచను, ఎందుకంటే పైవరుస వత్తులు కిందివరుస గుడులను తాకితే చదవడం కష్టం. అంశాల నడుమ జాగాకు బీఆర్ వద్దు, ఎల్ఐకి మార్జిన్ ఇవ్వు.

అంకెల విషయంలో ఒక ముచ్చట ఉంది. జాబితా గుర్తు ఎలా ఉండాలో చెప్పే సీఎస్ఎస్ లక్షణం లిస్ట్-స్టైల్-టైప్‌కు "తెలుగు" అనే విలువ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఇచ్చి చూడు: జాబితా ౧, ౨, ౩ అని నడుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు బడి పలక గుర్తొచ్చింది. ముచ్చటే గానీ, నేటి చదువరి వాటి దగ్గర తడబడతాడు కాబట్టి నీటి శుద్ధి మెట్లకు 1, 2, 3 చాలు. లోపలి అంశాలకు ఏ, బీ, సీ బదులు (అ), (ఆ), (ఇ) కావాలంటే కౌంటర్-స్టైల్ అనే నియమంలో అక్షరాలు మనమే ఇచ్చి, ముందూ వెనకా బ్రాకెట్లు తగిలించవచ్చు. చుక్కకు రంగు కావాలంటే మార్కర్ అనే ఉపభాగానికి ఇవ్వు, అంశానికంతా ఇవ్వకు.

టిక్కు బొమ్మలు మాత్రం తీసెయ్యి. చూపు లేని పాఠకుడికి తెర చదివి వినిపించే సాధనం నిజమైన జాబితా ఎదురైతే ఇది జాబితా, ఇందులో ఇన్ని అంశాలు అని ముందే చెప్తుంది, కావాలంటే దాటిపోయే వీలు ఇస్తుంది. బొమ్మలు పెడితే ఆ బొమ్మ పేరును ప్రతి వరుసకూ చదివే ప్రమాదం ఉంది. చుక్కలే వద్దని లిస్ట్-స్టైల్‌ను నన్ అని పెడితే, సఫారీ బ్రౌజరులో వాయిస్‌ఓవర్ అనే ఆపిల్ వారి తెర చదివే సాధనం దాన్ని జాబితాగా చెప్పడం మానేయవచ్చు. అటువంటప్పుడు ఆ యూఎల్‌కు రోల్ అనే లక్షణంలో లిస్ట్ అని రాయాలి.

చివరిగా, నీ మూడో భాగం అసలు జాబితానే కాకూడదు. గ్రానైట్ నేల, ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీటిలో కరగడం, బోర్లు లోతుకు పోవడం, పళ్లు గారపట్టడం, ఎముకలు బిగుసుకోవడం అని 5 చుక్కలు పెట్టావు. ఒకదానికొకటి కారణమైన సంగతులను చుక్కల కింద విడగొట్టేసరికి "అందువల్ల", "అయినా", "దానితో" అనే మాటలు రాలిపోయాయి, ఆ మాటల్లోనే కదా నీ వాదమంతా ఉన్నది. ఆ భాగాన్ని రెండు పేరాలుగా తిరగరాయి. శుద్ధి మెట్లలో నాలుగోదానిలో కదపకుండా ఉంచడం, పైనీళ్లు తీయడం అనే రెండు పనులు ఒకే ఎల్ఐలో ఉన్నాయి; వాటిని విడదీసి, ఫోనులో ఒకసారి తెరిచి చూసుకుని నాకు పంపు, బిడ్డా.

ఆశీస్సులతో,
మీ నాయన సోపతి